ఆటు వేళ చూసుకుని నడవాల్సిన దారి: తొట్లకొండ నుంచి ఎర్రమట్టి దిబ్బల దాకా

విశాఖ నుంచి భీమిలికి బీచ్ రోడ్డు మీద సుమారు పాతిక కిలోమీటర్లు. కారులో గంటలో అయిపోతుంది, కానీ ఈ తీరం రోడ్డు దిగి నడిచేవాళ్లకే దక్కుతుంది. తొట్లకొండ, మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బలు ఉన్న ముక్క ఒక పగటికి చక్కగా సరిపోతుంది. బయల్దేరే ముందు తప్పనిసరిగా చూసుకోవాల్సింది ఆటుపోట్ల పట్టిక.

ఇక్కడ రోజుకు రెండుసార్లు పోటు (నీరు పైకి రావడం), రెండుసార్లు ఆటు (నీరు వెనక్కి పోవడం). ఇవాళ ఆటు వచ్చిన వేళకు సుమారు 50 నిమిషాలు కలిపితే రేపటి వేళ వస్తుంది. పౌర్ణమి, అమావాస్యల చుట్టూ నీరు బాగా పైకొస్తుంది, అంత బాగానూ వెనక్కి పోతుంది. అష్టమి దగ్గర ఆ తేడా తక్కువ. అందుకే మేము పౌర్ణమి మర్నాడు పెట్టుకున్నాం. ఆ రోజు ఆటు మధ్యాహ్నం పడింది కాబట్టి పొద్దున కొండ, ఎండ వాలేటప్పుడు తీరం. ఆటు పొద్దున్నే పడే రోజైతే ఈ వరస తిరగేసుకోవాలి. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అంతకు ముందు తుపానుల భయం, తర్వాత ఎండ.

తొట్లకొండ నగరానికి 16 కిలోమీటర్లు. ఎత్తు 128 మీటర్లే అయినా ఘాట్ రోడ్డు మీద నడిచి ఎక్కితే చెమట పడుతుంది, పైన నీడ తక్కువ. 1976లో నావికాదళం విమాన సర్వేలో బయటపడిన బౌద్ధారామం ఇది. స్తూపం, విహారాల పునాదులు చూశాక రాతిలో తొలిచిన తొట్ల దగ్గర కాసేపు ఆగండి. రెండు వేల ఏళ్ల కిందటి భిక్షువులు వాన నీటిని ఇలా పట్టి ఉంచుకున్నారు. మనం మాత్రం మనిషికి మూడు లీటర్ల నీళ్లు మోసుకెళ్లాల్సిందే. కొండ అంచు నుంచి కింద తీరమంతా కనిపిస్తుంది. తడిసిన ఇసుక పట్టీ ఎంత వెడల్పుగా ఉందో అక్కడే అంచనా వేసుకోవచ్చు.

మంగమారిపేట రాతి తోరణం దగ్గరకు పూర్తి ఆటుకు గంటన్నర ముందే చేరాలి. అప్పుడు నీరు ఇంకా తగ్గుతూ ఉంటుంది కాబట్టి తొందరపడక్కర్లేదు. సరిగ్గా ఆటు వేళకు చేరితే తిరిగే కొద్దీ నీరు పెరుగుతుంటుంది. రాతిలో మెత్తని భాగాన్ని అలలు ముందు తినేసి, గట్టి భాగాన్ని వదిలేయడంతో ఏర్పడిన తోరణం ఇది. ఆ తినేయడం ఇప్పటికీ ఆగలేదు. దాని మీదకు ఎక్కకండి, కింద నిలబడకండి.

అక్కడి రాళ్లను దగ్గరగా చూడాలి. పైన పొడిగా, గరుకుగా ఉన్నచోట కాలు నిలుస్తుంది. కాస్త కింద తెల్లటి గుల్లలు బ్లేడులా పదునుగా అతుక్కుని ఉంటాయి. చెయ్యి ఆనిస్తే కోసుకుపోతుంది. ఇంకా కింద ఆకుపచ్చ పాచి పట్టిన రాయి. అక్కడ ఏ చెప్పూ నిలవదు. హవాయి చెప్పులు అసలు వద్దు, మడమకు పట్టీ ఉన్న చెప్పులో పాత కాన్వాస్ బూట్లో మేలు. రాళ్ల మీదకు వెళ్లే ముందు పది నిమిషాలు నిలబడి అల ఎంత పైదాకా తడుపుతోందో గమనించండి. పెద్ద అలలు కాసేపటికోసారి గుంపుగా వస్తాయి. ఫొటో కోసం సముద్రానికి వీపు పెట్టేది సరిగ్గా అప్పుడే అవుతుంది.

స్నానం జోలికి వెళ్లకపోవడమే నా సలహా. రెండు పక్కలా అలలు విరుగుతుంటే మధ్యలో ప్రశాంతంగా కనిపించే సందు ఉంటుంది. నురుగు, మట్టి రంగు నీరు అక్కడినుంచి లోపలికి పోతుంటాయి. లోపలికి ఈడ్చే ప్రవాహం అదే. అందులో చిక్కితే ఒడ్డుకు ఎదురీదకూడదు, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ప్రవాహం దాటాక బయటికి రావాలి.

అక్కడినుంచి దిబ్బల వైపు ఉత్తరంగా గంటన్నర, రెండు గంటల నడక. పొడి ఇసుకలో శ్రమ రెండింతలకు పైనే. అప్పుడే అల తడిపి వెళ్లిన గట్టి ఇసుక మీద నడవాలి. తీరం వాలుగా ఉండటంతో కుడి కాలు ఎప్పుడూ పల్లంలో పడి, మోకాలు, తుంటి పట్టేస్తాయి. మధ్యమధ్య పైనున్న చదును ఇసుకలోకి మారుతుండాలి. గెడ్డ (చిన్న వాగు) అడ్డం వస్తే నీరు విప్పారి పలచగా పారే చోట, సముద్రానికి దగ్గర్లో దాటండి. ఇరుగ్గా ఉన్నచోటే లోతు. నావికాదళ స్థావరం ఐఎన్ఎస్ కళింగ కూడా ఇటే. హద్దు బోర్డు కనిపిస్తే కెమెరా లోపల పెట్టి రోడ్డెక్కేయాలి.

ఎర్రమట్టి దిబ్బలకు సాయంత్రపు వాలు వెలుగే సరైనది. ఇవి రాళ్లు కావు. వేల ఏళ్లుగా పేరుకున్న ఇసుక, దాని రేణువుల మీద ఇనుప ఆక్సైడు పూత, వాన కోసిన లోతైన గాడులు. 2014లో భూవారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది. చేత్తో గీకితే రాలిపోయే మట్టి కాబట్టి గట్టు అంచున నిలబడితే అంచుతో సహా కిందికి వస్తాం. ఒక్కో అడుగుకూ జారే మట్టి మళ్లీ పేరుకోదు కూడా. గాడుల అడుగునే నడవండి, వాన పడ్డ రోజు అది కూడా వద్దు. లోపల మొగలి పొదలు, జీడిమామిడి చెట్లు, ఒకేలా కనిపించే చీలికలు. దారి తప్పితే గట్టెక్కి వెతక్కండి. వాన నీరు పారిన జాడ పట్టుకుని పల్లానికి నడిస్తే గాడి సముద్రం వైపు తీసుకెళ్తుంది.

డిసెంబరులో ఇక్కడ ఐదున్నరకే పొద్దుగూకుతుంది. ఐదింటికల్లా గాడుల్లోంచి బయటపడి రోడ్డుకు చేరితే, భీమిలి నుంచి విశాఖ రైల్వే స్టేషనుకు వెళ్లే 900కె సిటీ బస్సు ఎక్కొచ్చు.