మిగ్-21 కడుపు కింది జంట గొట్టాలు

ఈ మధ్య ఒక ప్రదర్శనశాలలో నిలిపి ఉంచిన మిగ్-21 యుద్ధవిమానం కిందికి వంగి చూసినప్పుడు, దాని కడుపు దగ్గర పక్కపక్కనే ఒదిగిన రెండు ఫిరంగి గొట్టాలు కనిపించాయి. ఇన్నేళ్లుగా చదువుకున్న జీఎస్‌హెచ్-23 ఫిరంగిని చేతికందేంత దూరంలో చూడడం అదే మొదటిసారి కావడంతో చాలాసేపు అక్కడే ఉండిపోయాను.

గ్ర్యాజెవ్, షిపునోవ్ అనే సోవియట్ రూపకర్తల పేర్లే దాని పేరులో ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో జర్మన్ ఇంజనీరు కార్ల్ గాస్ట్ కనిపెట్టిన పద్ధతిని వారు 1960ల నాటి జెట్ విమానాలకు అనువుగా మలిచారు. ఒకే రోటిలో ఇద్దరు మార్చి మార్చి దంచేటప్పుడు ఒక రోకలి పడుతుండగా రెండోది లేచినట్టే, ఇందులో ఒక గొట్టం పేలిన శక్తితోనే రెండో గొట్టానికి గుండు ఎక్కుతుంది. అందుకే బయటి నుంచి విద్యుత్ మోటారు అవసరం లేకుండానే నిమిషానికి 3,000కు పైగా గుళ్లు కాల్చగలదు. అయితే విమానం మోసేది సుమారు 200 గుళ్లే కాబట్టి, పైలట్ చేతిలో ఉన్నది నాలుగు సెకన్లు మాత్రమే.

మన వైమానిక దళపు మిగ్-21ఎఫ్‌ఎల్ రకానికి మొదట క్షిపణులే తప్ప సొంత ఫిరంగి లేదు. ఆ లోటు తీర్చడానికి కడుపు కింద తగిలించిన జీపీ-9 తొట్టిలో ఉన్నది ఈ జంట గొట్టాలే. 1971 యుద్ధంలో కచ్ సింధుశాఖపై ఒక పాకిస్తానీ ఎఫ్-104 యుద్ధవిమానాన్ని కూల్చింది కూడా ఇవే.