రికార్డింగ్ ఆపాక చెప్పిన మాటలు

సమాజం కోసం ఏదో ఒకటి చేస్తున్నవాళ్లతో మాట్లాడే పాడ్‌కాస్ట్ ఒకటి మొదలుపెట్టాను. మొదటి ఎపిసోడ్ గంటా పది నిమిషాలు రికార్డు చేశాను. అంతా అయ్యాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే నా గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది. కొత్త మైకు మూతి ముందే పెట్టుకుని మాట్లాడాను కానీ, సాఫ్ట్‌వేర్‌లో ల్యాప్‌టాప్ సొంత మైకే సెలెక్ట్ అయి ఉంది.

"ఇంకోసారి మాట్లాడదామా" అని ఆ అతిథికి ఫోన్ చేయడానికి రెండు రోజులు ధైర్యం చాలలేదు. నీళ్ల ఫిల్టర్లు తయారుచేసే చిన్న సంస్థ ఆవిడది. సంగతి విని నవ్వేశారు. "మా మొదటి విడత ఫిల్టర్లు సగానికి సగం కారిపోయాయండీ. మీకు పోయింది ఒక గంటే కదా!" అన్నారు. (ఈ మాట ఇక్కడ రాయవచ్చా అని ఆవిడను అడిగాను. రాసుకోమన్నారు.)

ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది. గంటా పది నిమిషాల రికార్డింగులో ఫిల్టర్లు కారిన ముచ్చట ఒక్కసారి కూడా రాలేదు. నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

సమాజంలో ఉన్న ఏదో ఒక సమస్యకు వ్యాపారం లాంటి పద్ధతిలో పరిష్కారం వెతికేవాళ్లను సోషల్ ఎంట్రప్రెన్యూర్లు అంటున్నాం. 1980లో బిల్ డ్రేటన్ అశోకా సంస్థ పెట్టి ఇలాంటివాళ్లను వెతికి పట్టుకోవడం మొదలుపెట్టారు. ఆ మాట జనం నోళ్లలో నానడానికి అదీ ఒక కారణం. ఇలాంటివాళ్లతో వారానికొకరి చొప్పున ఏడాదికి 52 ఎపిసోడ్లు చేయాలనుకున్నాను. చేసినవి 23. ఆ సంగతికి తర్వాత వస్తాను.

మొదటి అయిదు ఎపిసోడ్లలో నా ప్రశ్నలు చూస్తే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఈ ఆలోచన ఎలా వచ్చింది, అడ్డంకులు ఎలా దాటారు, యువతకు మీరిచ్చే సలహా ఏమిటి. అవే ప్రశ్నలకు వాళ్లు అప్పటికే యాభై వేదికల మీద జవాబులు చెప్పి ఉన్నారు. ఎక్కడ నవ్వాలో, ఎక్కడ ఆగాలో కూడా వాళ్లకు అలవాటైపోయింది. నేను మైకు పట్టుకుని ఆ అప్పజెప్పడం వింటున్నాను.

పేదలకు చిన్న అప్పులిచ్చే గ్రామీణ్ బ్యాంకు పెట్టిన ముహమ్మద్ యూనస్ కథ మనం చెప్పుకునే తీరు కూడా ఇంతే. 1976లో బంగ్లాదేశ్‌లోని జోబ్రా గ్రామంలో 42 మందికి ఆయన సొంత డబ్బు 27 డాలర్లు అప్పుగా ఇచ్చారు. అక్కడి నుంచి ఒక్క గెంతులో 2006 నోబెల్ శాంతి బహుమతికి వెళ్లిపోతాం. గ్రామీణ్ బ్యాంకు ఏర్పడింది 1983లో. మధ్యలో ఏడేళ్లున్నాయి. పేదలకు అప్పివ్వం అన్న బ్యాంకు దగ్గర తానే హామీదారుగా సంతకం పెట్టి అప్పు ఇప్పించిన కాలం అది. ఈ పని చేసేవాళ్లు రోజూ బతికేది అలాంటి ఏళ్లలోనే. నా ప్రశ్నలు మాత్రం 27 డాలర్ల దగ్గర ఒకటి, నోబెల్ దగ్గర ఒకటి ఉండేవి.

మార్పు ఆరో ఎపిసోడ్‌లో వచ్చింది, అదీ అనుకోకుండా. అతిథి చక్రాల కుర్చీలు చేయించి ఇచ్చే పెద్దాయన. నా కాగితంలో ప్రశ్నలు నలభై నిమిషాలకే అయిపోయాయి. ఏం అడగాలో తోచక, "ఇన్నేళ్లలో మీరు మానేసిన పని ఏదైనా ఉందా అండీ?" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. లైన్ కట్ అయిందేమో అనుకున్నాను.

"లెక్కపెట్టడం మానేశాం" అన్నారు.

మొదట్లో ఏడాదికి ఎన్ని కుర్చీలు ఇచ్చామన్నది లెక్కేసేవాళ్లట. ప్రతి ఏడూ అంకె పెరిగేది, దాతలు సంతోషించేవాళ్లు. ఒకసారి అంతకుముందు కుర్చీలు తీసుకున్నవాళ్ల ఇళ్లకు వెళ్లి చూస్తే కుర్చీలు చాలావరకు మూలన పడి ఉన్నాయి. ఆస్పత్రి నున్నటి నేల కోసం చేసిన చిన్న చక్రాలు మట్టి దారిలో దిగబడిపోయాయి. బేరింగు పోతే దొరకదు, దొరికినా బిగించేవాడు లేడు. అప్పటినుంచి సైకిల్ మెకానిక్ దగ్గర దొరికే భాగాలతోనే కుర్చీ చేయడం మొదలుపెట్టారు. ఇచ్చిన కుర్చీల లెక్క పక్కన పెట్టి, ఏడాది తర్వాత ఇంకా తిరుగుతున్నవి ఎన్నో రాయడం మొదలుపెట్టారు. మొదటి ఏడు ఆ అంకె చూసి ఒక దాత తప్పుకున్నారట.

ఆ మాట వినగానే నాకు ప్లేపంప్ గుర్తొచ్చింది. దక్షిణాఫ్రికాలో మొదలైంది అది. పిల్లలు రంగులరాట్నం తిప్పుతూ ఆడుకుంటుంటే ఆ ఊపుకే నేలలోని నీళ్లు ట్యాంకులోకి ఎక్కుతాయి. వినడానికి ఎంత ముచ్చటగా ఉందో కదా. 2006లో దానికి కోట్ల డాలర్లు వస్తాయని ప్రకటనలు వెలువడ్డాయి. కానీ ఒక్కో పంపు అనుకున్నట్టు 2,500 మందికి నీళ్లివ్వాలంటే పిల్లలు రోజుకు 27 గంటలు ఆడాలని 2009లో ఒక బ్రిటిష్ పత్రిక లెక్క తేల్చింది. రోజులో ఉన్నవే 24. చాలా ఊళ్లలో పిల్లలకు మోజు తీరిపోయాక ఆ చక్రాన్ని ఆడవాళ్లు చేత్తో తిప్పాల్సి వచ్చింది. పెట్టిన పంపుల్ని లెక్కపెట్టినవాళ్లున్నారు గానీ, తిప్పుతున్నది ఎవరో వెళ్లి చూసినవాళ్లు తక్కువ.

ఇంత తెలిసీ నేను చేస్తున్నదేమిటి? రోజుకు నాలుగుసార్లు నా డౌన్‌లోడ్లు చూసుకోవడం. డౌన్‌లోడ్ లెక్కకు ఐఏబీ అనే ప్రకటనల రంగ సంస్థ పెట్టిన కొలత ఒకటుంది. దాని ప్రకారం ఒక నిమిషం వినడానికి సరిపడా ఆడియో దిగితే చాలు, ఒక డౌన్‌లోడ్ పడినట్టే. విన్నారా లేదా అన్నది దాంతో తెలియదు. కొన్ని యాప్‌లు వినేవాళ్లు ఎంతవరకు విన్నారో గీత గీసి చూపిస్తాయి. అన్నాళ్లూ దాన్ని తెరిచి చూడలేదు. ఆ రాత్రి చూశాను. వినేవాళ్లలో మూడో వంతు మంది మొదటి మూడు నిమిషాల్లోనే జారుకుంటున్నారు. ఆ మూడు నిమిషాలూ మాట్లాడేది నేనే!

ఆ పరిచయ ప్రసంగం మర్నాడే తీసేశాను. ఏడో ఎపిసోడ్ నుంచి అతిథి గొంతుతోనే మొదలవుతుంది.

మిగతా సాంకేతిక పాఠాలు తొందరగా చెప్పేస్తాను. గదిలో గొంతు మోగుతుంటే ఖరీదైన మైకు కన్నా బట్టల బీరువా తలుపులు తెరిచి దాని ముందు కూర్చోవడం నయం. దూరంగా ఉన్న అతిథితో మాట్లాడేటప్పుడు ఎవరి గొంతు వాళ్ల దగ్గరే రికార్డు చేసుకుని తర్వాత కలపాలి, ఇంటర్నెట్ కాల్‌లో వచ్చిన ఆడియోను నమ్ముకోకూడదు. ప్రశ్నలు ముందే పంపడం మానేశాను, విషయం మాత్రం చెబుతాను. అన్నిటికన్నా కష్టమైంది ఇంకొకటి: అతిథి మాట ఆపాక మనసులో అయిదు అంకెలు లెక్కపెట్టి గానీ నోరు తెరవకపోవడం. మూడు, నాలుగు దగ్గరకు వచ్చేసరికి వాళ్లే మళ్లీ అందుకుంటారు.

పదకొండో ఎపిసోడ్ గురించి మాత్రం తొందరగా చెప్పలేను.

జైలు నుంచి విడుదలైనవాళ్లకు పని నేర్పి ఉద్యోగం ఇప్పించే ఆయన అతిథి. పేరు మార్చి ఒక కుర్రాడి కథ చెప్పారు. పన్నెండు నిమిషాలు. ఎడిటింగ్ చేస్తుంటే నా కళ్లు చెమర్చాయి. నా ఏడాది మొత్తానికి ఇదే మంచి ఎపిసోడ్ అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఆయన ఫోన్ చేశారు.

"పేరైతే మార్చాను గానీ, వయసు, పని, షిఫ్టు టైమింగు అన్నీ చెప్పేశానండీ. అతని పక్కన పనిచేసేవాళ్లలో ఒక్కడు విన్నా చాలు. ఆ ముక్క తీసేయండి."

నేను వాదించాను. ఒప్పుకోవడానికి ఇబ్బందిగానే ఉంది కానీ, వాదించాను. వివరాలు మార్చుదాం, గొంతు కాస్త మార్చుదాం అన్నాను. జనం వింటే మీకు నిధులు కూడా వస్తాయన్నాను. ఆయన నెమ్మదిగా, "నిధుల కోసమే చెప్పడం అలవాటైందండీ. కళ్లనీళ్లు తెప్పించే కథ ఒకటి ఇవ్వమని దాతలు అడుగుతారు, మేం ఇస్తాం. అతన్ని అడిగి కాదు" అన్నారు.

తీసేశాను. పన్నెండు నిమిషాలు పోయాక ఎపిసోడ్ కుంటుతోంది, అలాగే విడుదల చేశాను. అప్పటినుంచి రికార్డింగుకు ముందు ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతున్నాను: మీరు ఎవరి కథ చెప్పబోతున్నారో వాళ్లను అడిగారా? దాదాపు సగం మంది ఆ ప్రశ్నకు తడబడతారు. ఒకావిడ అప్పటికప్పుడు ఫోన్ చేసి కనుక్కున్నారు. అవతల వైపు వద్దన్నారు.

డబ్బు గురించి అతిథులందరిదీ ఒకటే గోడు. కొత్త ప్రాజెక్టుకు డబ్బు దొరుకుతుంది, దాన్ని నడిపే మనుషుల జీతాలకు దొరకదు. "కారు కొనిస్తారు, పెట్రోలు పోయరు" అన్నారు ఒకరు. నేనూ మైకు, హెడ్‌ఫోన్స్, సాఫ్ట్‌వేర్ కొనుక్కున్నాను గానీ నా టైమును లెక్కలో వేసుకోలేదు. గంట ఆడియో ఎడిట్ చేయడానికి నాకు ఏడు గంటలు పట్టేది. ఉద్యోగం చేసుకుంటూ వారానికొకటి అంటే అయ్యే పని కాదు. పదహారో ఎపిసోడ్ తర్వాత రెండున్నర నెలలు ఏమీ చేయలేదు. మెయిల్ తెరవాలంటేనే టెన్షన్. 52 కాస్తా 23 అయింది ఇలాగే. తిరిగి మొదలుపెట్టాక రెండు వారాలకొకటి, నలభై నిమిషాలు మించకుండా చేస్తున్నాను. అడిగినవాళ్లు ఒక్కరూ లేరు, ఎందుకు తగ్గించావని.

చివరి ఎపిసోడ్‌కు మళ్లీ మొదటి అతిథినే పిలిచాను. ఈసారి ఫిల్టర్లు కారిన సంగతితోనే మొదలుపెట్టాం. అంతా బాగా జరిగింది. ధన్యవాదాలు చెప్పుకున్నాక ఆవిడ, సంస్థను వచ్చే ఏడాది వేరేవాళ్లకు అప్పగించాలనుకుంటున్నాననీ, తను లేకుండా అది నడవగలదని ఒప్పుకోవడానికి మూడేళ్లు పట్టిందనీ చెప్పుకొచ్చారు. అరగంట సేపు చెప్పారు. మధ్యలో చూస్తే స్క్రీన్ మీద ఎర్ర చుక్క ఇంకా వెలుగుతోంది. రికార్డింగ్ ఆపడం మర్చిపోయాను.

"ఇది కూడా రికార్డయిందండీ. ఉంచనా?" అని అడిగాను.

ఆవిడ కాసేపు ఆలోచించారు. నేను లోపల అయిదు దాకా లెక్కపెట్టాను.

"అప్పగించడం అయ్యాక అడగండి" అన్నారు.

ఆవిడ లైన్‌లో ఉండగానే ఆ అరగంటా కత్తిరించి, చెరిపేశానని చెప్పాను. వచ్చే ఏడాది క్యాలెండర్‌లో ఆవిడ పేరు రాసి పెట్టుకున్నాను.