పదకొండోది అందరికీ వచ్చు, మూడోదే ఎవరూ చదవరు

తత్వవేత్తలు ఇంతవరకు ప్రపంచానికి అర్థాలు చెప్పారు, అసలు పని దాన్ని మార్చడం అన్న మార్క్స్ మాట చాలామందికి నోటికి వచ్చు. లండన్ హైగేట్ శ్మశానంలో ఆయన సమాధి మీద కూడా అదే చెక్కి ఉంది. కానీ ఆ మాట పట్టుకుని "ఇంక ఫిలాసఫీ ఎందుకు, పనిలోకి దిగండి" అంటుంటే నాకు బాధేస్తుంది. 1845లో బ్రస్సెల్స్‌లో ఆయన ఫాయర్‌బాఖ్ అనే జర్మన్ తత్వవేత్త గురించి తన కోసం రాసుకున్న పదకొండు చిన్న నోట్సులో అది ఆఖరిది. ముందున్న పదీ వదిలేస్తే అది ఉత్త నినాదమే.

నన్ను పట్టుకున్నది మూడోది.

పాత భౌతికవాదులు, అంటే అన్నిటికీ మూలం పదార్థమే అనేవాళ్లు, ఏమన్నారంటే, మనిషిని తయారుచేసేవి పరిస్థితులూ పెంపకమూ, కాబట్టి అవి మారితే మనిషీ మారతాడు అని. పేదరికానికి కారణం తలరాతో సోమరితనమో కాదని తేల్చిన ఆ వాదాన్ని నేను తక్కువ చేయను. కానీ పరిస్థితుల్ని మార్చేదీ మనుషులే కదా, మరి నేర్పేవాడికి ఎవరు నేర్పాలి అని మార్క్స్ అడిగాడు. ఆ ప్రశ్న వేసుకోకపోతే పైన అన్నీ తెలిసినవాళ్లు, కింద వాళ్లు బాగుచేయాల్సిన జనం, ఇలా సమాజం రెండు ముక్కలైపోతుంది. 1888లో ఈ నోట్సుని అచ్చువేసినప్పుడు మార్క్స్ సహచరుడు ఎంగెల్స్ ఇక్కడ రాబర్ట్ ఓవెన్ పేరు ఉదాహరణగా చేర్చాడు. ఓవెన్ మంచి మనిషే, స్కాట్లాండ్‌లో తను నడిపిన న్యూ లానార్క్ నూలు మిల్లులో పదేళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం మాన్పించాడు, 1816లో బడి కూడా తెరిచాడు. అయినా అక్కడ ఏది మారాలో తేల్చింది యజమానే.

ఇది నాకు పుస్తకంలో చదివినప్పుడు అర్థం కాలేదు. కొన్నేళ్ల క్రితం కొంతమంది ఫ్రెండ్స్‌మి కలిసి ఒక ఫ్యాక్టరీ కార్మికులకి వేతనాల గురించి చెప్పడానికి వెళ్లేవాళ్లం, నోట్సంతా రెడీగా ఉండేది, గంటసేపు చెప్పాక ఒకావిడ లేచి "ఈ మీటింగు టైము ఎవరు పెట్టారండీ? షిఫ్టు దిగి ఇంటికెళ్లి పిల్లల్ని చూసుకునే టైము ఇది" అంది. మా దగ్గర జవాబు లేదు. తర్వాతి వారం నుంచి టైమూ విషయమూ రెండూ వాళ్లే పెట్టారు. మొదట మాట్లాడింది వేతనం గురించి కాదు, బాత్రూమ్‌కి వెళ్లాలన్నా సూపర్‌వైజర్‌ని అడగాల్సి రావడం గురించి. మా నోట్సులో ఆ మాటే లేదు.