వృత్తి అని రాసున్న గడి

పొద్దున ఎనిమిదికే ల్యాబ్ తాళం తీశాను. ఎండాకాలం కడపలో ఆ వేళకే గోడ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. రాత్రి ప్రాసెసర్‌లో పెట్టిపోయిన బయాప్సీ ముక్కలను మైనంలో పోయడం మొదలుపెట్టానో లేదో, కౌంటర్ దగ్గర ఒకాయన వచ్చి నిలబడ్డాడు. చేతిలో క్యారీబ్యాగు, అందులో సీసా. సీసాలో నేరేడుపండు కడిగిన నీళ్ల రంగులో ఏదో ఉంది. ఫారం చూస్తే పెరికార్డియల్ ఫ్లూయిడ్, అంటే గుండె నీరు, అని ఉంది.

ఊపిరితిత్తుల నీరు, కడుపు నీరు మాకు రోజూ వస్తాయి. గుండె నీరు ఎప్పుడో ఒకసారి. గుండె చుట్టూ రెండు పొరల సంచి ఉంటుంది. ఆ పొరల మధ్య మామూలుగా కొన్ని చెంచాల నీరు మాత్రమే ఉంటుంది. గుండె కొట్టుకునేటప్పుడు రాపిడి లేకుండా అది చూసుకుంటుంది. ఆ కొంచెం చోటులో నీరు ఊరుతూ పోతే గుండె నిండడానికి జాగా ఉండదు. సీసా తెచ్చినాయన తండ్రే రోగి. ఆ పెద్దాయనకు రాత్రి సూది వేసి నీరు తీశారంట. కొడుకు కళ్లు చూస్తే రాత్రంతా నిద్ర లేదని తెలుస్తోంది.

ఫారంలో పేరు, వయసు, డాక్టరు పేరు అన్నీ ఉన్నాయి. వృత్తి అని రాసున్న గడి మాత్రం ఖాళీ. పదహారేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఆ గడి నిండి వచ్చిన ఫారాలు చాలా తక్కువ చూశాను. నేను కూడా అడగను, అంత తీరిక ఉండదు. గుండె నీరు వచ్చినప్పుడు మాత్రం అడుగుతాను.

"మీ నాయన ఏం పని చేస్తాడన్నా?"

"సేద్యం మేడమ్. శెనిక్కాయ వేస్తాం."

"అంతకు ముందు?"

ఆయన కాసేపు ఆలోచించాడు. "నేను పుట్టకముందు గనుల్లోకి పోయేవాడంట మేడమ్. పులివెందుల పక్క. రాతినార గనులు."

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. ఖాళీ గడిలో రాశాను: రైతు, అంతకుముందు రాతినార గని కూలి. ఎన్నేళ్లు చేశాడో తెలుసుకుని ఫోన్ చేయమని నంబరు ఇచ్చాను.

రాతినార అంటే ఆస్‌బెస్టాస్. స్కూల్లో మన జిల్లా ఖనిజాలు బట్టీ పెట్టినప్పుడు మంగంపేట ముగ్గురాయి, పులివెందుల రాతినార అని పాట పాడినట్టు అప్పజెప్పేవాళ్లం. వేంపల్లె, పులివెందుల దగ్గరి డోలమైటు రాళ్లలోకి ఎప్పుడో భూమి లోపలి నుంచి కరిగిన రాయి చొచ్చుకొచ్చింది. ఆ వేడికి రాయి మారి, అందులో పట్టుదారాల్లాంటి నార పుట్టింది. మా ఇంట్లో ఒక ముక్క ఉండేది. గోటితో గీకితే దూదిలా లేచేది. చిన్నప్పుడు దాంతో ఆడుకున్నాను, ముక్కుకు దగ్గరగా పెట్టి ఊదాను కూడా.

మా నాయన ఆ గనుల్లో తొమ్మిదేళ్లు పని చేశాడు. తర్వాత మానేసి సేద్యంలోకి వచ్చాడు. 2006లో పోయాడు. ముందు ఆయాసం, తర్వాత కాళ్ల వాపు. ఎకో తీసి గుండె చుట్టూ నీరు చేరిందన్నారు. టీబీ అనుకుని మందులు మొదలుపెట్టారు. ఇప్పుడు ఈ పనిలో ఉండి చూస్తే అందులో తప్పు పట్టలేను. మన దగ్గర గుండె నీరు అనగానే మొదట అనుమానించాల్సింది టీబీనే. కానీ నాలుగు నెలలు మాత్రలు మింగినా నీరు మళ్లీ మళ్లీ చేరింది. రెండుసార్లు తీశారు. రెండుసార్లూ రిపోర్టులో క్యాన్సర్ కణాలు లేవని వచ్చింది. పొర ముక్క తీసి చూద్దామని ఎవరూ అనలేదు. ముందు ఏం పని చేసేవాడివి పెద్దాయనా అని కూడా ఎవరూ అడగలేదు. ఫైలు ఇంకా నా దగ్గరే ఉంది. అందులో వృత్తి దగ్గర ఒక అడ్డగీత ఉంది.

నాయనకు వచ్చింది మీసోథీలియోమా, అంటే ఒంట్లోని ఇట్లాంటి పొరలకు పుట్టే క్యాన్సర్, అని నేను అనను. ముక్క లేదు కాబట్టి ఆ మాట ఎవరూ అనలేరు. ఊపిరితిత్తుల పొరకు వచ్చే ఈ క్యాన్సర్‌కు రాతినారతో ఉన్న సంబంధం గట్టిగా రుజువైంది. గుండె పొర విషయంలో అంత గట్టిగా తేలలేదు. మీసోథీలియోమా కేసులు వంద ఉంటే అందులో గుండె పొరవి ఒకటి కూడా ఉండవంటారు. అంత అరుదైన జబ్బులో లెక్క తేలాలంటే ప్రతి కేసులో రోగి బతుకు గురించి రాసి ఉండాలి. మా నాయన ఫైల్లో ఉన్నట్టు అడ్డగీతలు ఉంటే ఏం తేలుతుంది?

సీసాలో నీళ్లను నాలుగు ట్యూబుల్లో పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాను. ఒక భాగం టీబీ కోసం ఏడీఏ పరీక్షకు పంపాను. అడుగున మిగిలిన మడ్డితో స్లయిడ్లు వేసి రంగు పెట్టాను. మిగతా మడ్డిని, తర్వాత ముక్కలా కోసి చూడ్డానికి, ఫార్మలిన్‌లో గడ్డకట్టించి సెల్ బ్లాక్‌కు పెట్టాను. పదకొండింటికి పాథాలజిస్ట్ మేడమ్ వచ్చి చూశారు. మైక్రోస్కోప్ రెండో కంటిగొట్టంలో నన్ను కూడా చూడమన్నారు.

పొర మీద ఉండే మీసోథీలియల్ కణాలు పక్కపక్కన కూర్చున్నా మధ్యలో సన్నని సందు వదులుతాయి. గుండ్రంగా, నిండుగా, ఒక్కోదాంట్లో రెండేసి కేంద్రకాలు. చూడ్డానికి అందంగానే ఉంటాయి. కష్టం ఏమంటే, టీబీ వచ్చినా, వైరస్ వచ్చినా, పొర కాస్త మండినా ఇవి ఊడి నీళ్లలోకి వచ్చేస్తాయి. ఉబ్బుతాయి, గుంపులు కడతాయి. క్యాన్సర్‌గా మారినవీ దాదాపు ఇట్లాగే ఉంటాయి. "వీటి మొహం చూసి ఏమీ చెప్పలేం" అన్నారు మేడమ్. కాల్‌రెటినిన్ రంగు పట్టితే ఇవి పొర కణాలని తెలుస్తుంది, అంతే. మంచివా చెడ్డవా తేల్చడానికి ఇప్పుడు బ్యాప్1 అనే ప్రోటీన్ ఉందా పోయిందా అని చూస్తున్నారు. కేంద్రకంలో అది మాయమైతే చెడ్డదని అనుమానం బలపడుతుంది. ఉన్నంత మాత్రాన మంచిదని కాదు. నాయన రోజుల్లో ఈ పరీక్ష లేదు. పుట్టుకతోనే ఆ జన్యువులో లోపం ఉన్న కుటుంబాల్లో మీసోథీలియోమా ఎక్కువగా వస్తుందని 2011లో బయటపడింది. అక్కడి నుంచే దాని మీద దృష్టి పడింది.

మేడమ్ ఫారం తిప్పి చూసి నేను రాసిన లైను మీద వేలు పెట్టారు. "ఇది నువ్వు అడిగావా?" అన్నారు. అవునన్నాను. వెంటనే గుండె డాక్టరుకు ఫోన్ చేసి, స్కాన్‌లో పొర మందం చూడండి, వీలైతే ముక్క తీయండి అని చెప్పారు. పెద్దాయనకు టీబీనే అయ్యుండాలని మనసులో మొక్కుకున్నాను. టీబీకి మందుంది.

గుండె పొర మీసోథీలియోమాకు ఉన్న మందులు కూడా ఊపిరితిత్తి పొర జబ్బు నుంచి అరువు తెచ్చుకున్నవే. పెమెట్రెక్సెడ్, సిస్‌ప్లాటిన్ అనే కీమో మందులు కలిపి ఇస్తే ఊపిరితిత్తి పొర రోగులు సగటున, సిస్‌ప్లాటిన్ ఒక్కదానితో బతికే 9.3 నెలలకు బదులు 12.1 నెలలు బతికారని 2003లో తేలింది. 2020లో రెండు ఇమ్యూనోథెరపీ మందులు కలిపి ఇచ్చి చూస్తే, కీమోతో 14.1 నెలలు ఉన్నది 18.1 అయింది. ఇంత పెద్ద ట్రయల్ చేయడానికి గుండె పొర రోగులు దొరకరు. వాళ్ల గురించి తెలిసింది చాలావరకు ఒక్కో డాక్టరు ఒక్కో రోగి గురించి రాసుకున్న కాయితాల వల్లే.

అసలు రాతినార గుట్టు బయటపడింది కూడా అడగడం వల్లే. దక్షిణాఫ్రికాలో వాగ్నర్ అనే పాథాలజిస్టు 1960లో 33 మంది రోగుల గురించి రాశాడు. ఎక్కడ పుట్టారు, ఎక్కడ తిరిగారు, ఏం పని చేశారు అని వాళ్ల బతుకులు తవ్వి చూస్తే దాదాపు అందరి దారీ రాతినార దగ్గరికే పోయింది. వాళ్లలో కొందరు గని పని చేసినవాళ్లు కూడా కాదు, ఆ చుట్టుపక్కల పుట్టి పెరిగారంతే. అక్కడిది నీలం నార, మనది తెల్లనార. కానీ అన్ని రకాలూ క్యాన్సర్ తెచ్చేవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ కిందనున్న క్యాన్సర్ పరిశోధన సంస్థ చెప్తోంది. నార లోపలికి పోయాక జబ్బు బయటపడడానికి ఇరవై నుంచి యాభై ఏళ్లు పడుతుంది. అందుకే పిల్లలకు కూడా తండ్రి చేసిన పాత పని గుర్తుండదు.

సాయంత్రం చిన్నాయన దగ్గరికి పోదామని స్కూటీ తీశాను. ఎర్రముక్కపల్లె దారిలో ఒక షెడ్డు దగ్గర పిల్లోడు గ్రైండర్‌తో రాతినార కలిసిన సిమెంటు రేకు కోస్తున్నాడు. కనురెప్పల మీద, మీసం మొలకల మీద తెల్లగా పిండి. బండి ఆపాను. "నీళ్లు చల్లి కోయి నాయనా, గ్రైండర్ వద్దు, రంపంతో కోయి. ఆ దుమ్ము మంచిది కాదు" అన్నాను. "ఎప్పుడూ ఇట్లే కోస్తాం అక్కా" అన్నాడు కానీ, ఓనరు లోపలి నుంచి చూస్తున్నాడని ఒక చెంబు నీళ్లు పోశాడు. ఆ పిల్లోడికి ఇరవై కూడా ఉండవు. ఇరవైకి ఇంకో నలభై కలిపి లెక్క వేసుకుంటూ బండి నడిపాను.

చిన్నాయన కూడా గనిలో రెండేళ్లు చేశాడు. ఇప్పుడు డెబ్బై ఆరు. నోటుబుక్కు తీస్తే, "ఇప్పుడేం పనిమ్మే దాంతో?" అన్నాడు. గనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు గాని, మానేసిన తర్వాత 15 ఏళ్లు గాని, ఏది ఎక్కువైతే అంతవరకు కార్మికుల ఆరోగ్య రికార్డు దాచాలని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పిందన్నాను. మా ఇంట్లో నాయన పని గురించి ఒక్క కాయితం లేదు. ఇక ఉన్న కాయితం చిన్నాయన జ్ఞాపకమే.

చెప్తూ పోయాడు. 1969లో నాయన చేరింది. లోపల డ్రిల్లింగు. బయట ఆడవాళ్లు వరసగా కూర్చుని సుత్తులతో రాయి పగలగొట్టి నార వేరు చేసేవాళ్లు. మధ్యాహ్నం ఆ కుప్పల పక్కనే సంగటి ముద్ద విప్పుకునేవాళ్లు. నాయనతో కలిసి పనిచేసిన పదకొండు మంది పేర్లు చెప్పాడు. నలుగురు ఆయాసంతో పోయారన్నాడు. నేను ఏమీ కలపకుండా ఆయన మాటలే రాసుకున్నాను.

"సాయంత్రం ఇంటికొస్తే మీ నాయన తల నెరిసినట్టుండేది. మీ యమ్మ వాకిట్లో నిలబెట్టి గుడ్డలు విదిలించేది" అన్నాడు లేచేటప్పుడు.

పదకొండు పేర్ల కింద అమ్మ పేరు రాశాను. పక్కన, గుడ్డలు విదిలించడం, ఉతకడం, తొమ్మిదేళ్లు అని రాశాను. ఇంటికొచ్చేసరికి అమ్మ టీవీ ముందు చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. ఆయాసం ఏమైనా ఉంటోందా అని అడిగితే, "ఈ ఎండకు ఎవరికి లేదు?" అంది. రేపు ల్యాబ్‌కు పోయేటప్పుడు ఎక్స్‌రేకు తీసుకుపోతాను. పెద్దాయన సెల్ బ్లాక్ కూడా రేపే కోయాలి.