టేకు కుర్చీలకు ఇక్కత్ బట్ట: ఇప్పటిదాకా అయిన పని

చెక్క పని, పాలిష్ అయిపోయాయి. ఇప్పుడు సీట్ల వంతు. పాత రెగ్జిన్ పీకేస్తే కింద కొబ్బరి పీచు పొడి పొడిగా రాలింది. కూర్చునే చోట 40 డెన్సిటీ ఫోము రెండంగుళాలు వేశాను. వీపు వైపు 32 చాలు. నల్లగొండ ఎండల్లో మళ్లీ రెగ్జిన్ జోలికి పోయేది లేదు. మే నెలలో దాని మీద కూర్చుంటే చొక్కా అతుక్కుపోతుంది.

షాపులో ముందుగా చూపించేది పాలిస్టర్ జెక్వార్డ్, అంటే నేతలోనే డిజైన్ వచ్చే బట్ట. తీసిపారేసేది కాదు, గట్టిగా ఉంటుంది, రంగు తొందరగా వెలవదు. చెమట మాత్రం పీల్చదు. శాంపిల్ పుస్తకంలో ముక్క వెనక మార్టిండేల్ అంకె ఉంటే చూడండి, అది రాపిడికి ఎంత ఓర్చుకుంటుందో చెప్పే లెక్క. ఇంట్లో రోజూ వాడే కుర్చీకి 15,000 పైన ఉండాలి. నూగు దారంతో నేసే షెనీల్ మెత్తగా బాగుంటుంది కానీ పిల్లి ఉన్న ఇంట్లో దారాలు లేస్తాయి. మా ఇంట్లో పిల్లి ఉంది.

చివరికి కుర్చీలకు చౌటుప్పల్ దగ్గరి కొయ్యలగూడెం నేత, కాటన్ ఇక్కత్ తీసుకున్నాను. చుడీదార్లకు అమ్మే ఇక్కత్ సన్నం, సీటు అంచుల దగ్గర చిరుగుతుంది. దుప్పట్లకు వాడే లావు నూలు బట్ట అడగాలి. నూలు నంబరు పెరిగేకొద్దీ దారం సన్నమవుతుంది, కాబట్టి 60 కన్నా 20 నంబరు మనకు పనికొస్తుంది. ఇక్కత్‌లో ఇంకో లాభం, నేయకముందే నూలుకు రంగు వేస్తారు కనుక డిజైన్ రెండు వైపులా ఉంటుంది. పై వైపు వెలిసిపోతే విప్పి, తిరగేసి బిగించుకోవచ్చు.

కొనేటప్పుడు తడి తెల్లగుడ్డతో రుద్ది చూశాను, రంగు అంటలేదు. ఇంటికొచ్చాక చల్లనీళ్లలో నానబెట్టి, నీడలో ఆరేసి, ఆ తర్వాతే కత్తెర పట్టాను. కాటన్ ముడుచుకునేదేదో ముందే ముడుచుకోవాలి.

అసలు తిరకాసు పన్నాలో, అంటే బట్ట వెడల్పులో ఉంది. సీటు 18 అంగుళాలు. ఫోము మందం, కింద మడతపెట్టే బట్ట కలిపితే ఒక్కోవైపు నాలుగు, మొత్తం 26. మిల్లు బట్ట పన్నా సాధారణంగా 54 అంగుళాలు, పక్కపక్కన రెండు సీట్లు వస్తాయి. 48 పన్నా మగ్గం బట్టలో ఒక్కటే వస్తుంది. అంటే నాలుగు సీట్లకు అక్కడ 1.35 మీటర్లు సరిపోయేది, ఇక్కడ 2.65 అవుతుంది. మీటరు రేటు ఒక్కటే చూసి బేరమాడితే లాభం లేదు. మిగిలిన 22 అంగుళాల పట్టీ వీపులకు వాడుతున్నాను. పువ్వు సీటు మధ్యకు రావాలంటే ఇంకాస్త ఎక్కువ కొనాలి.

రెండు కుర్చీలు అయ్యాయి. పడుగు (బట్ట పొడవునా పోయే దారాలు) ముందు నుంచి వెనక్కి వచ్చేలా పెట్టి, నాలుగు వైపులా నడిమధ్య ఒక్కో పిన్ను కొట్టి, అక్కణ్నుంచి మూలలకు జరుగుతున్నాను. మూల మొదట బిగిస్తే గళ్లు వంకరపోతాయి.

సోఫా పడమటి కిటికీ కింద ఉంటుంది. ఆ ఎండకు కాటన్ రంగు నిలవదు. దానికి బూడిదరంగు జెక్వార్డే వేస్తాను, ఇక్కత్ దిండు గలేబులకే. అంచుల వెంట కుట్టే పైపింగ్‌కు గుడ్డ ఐమూలగా కోయాలి కాబట్టి అర మీటరు అదనంగా తెచ్చి పెట్టాను.