పూలున్నాయి, పద్యం లేదు

"ఈ పూల మీద చెప్పిన పాత జపనీస్ పద్యంలో ఇల్లు వదిలొచ్చి బాధపడినవాడు నీలాంటివాడు నాన్నా, నాకేం బెంగ, నా ఇల్లు ఇక్కడే కదా" అంది మా అమ్మాయి, నెజు మ్యూజియంలో బొమ్మలు వేసిన మడత తెరల ముందు నిలబడి. టోక్యోలో పుట్టిన పిల్ల అలా అనక ఇంకేమంటుంది! అయినా నాకు చురుక్కుమంది.

జపాన్ చిత్రకారుడు ఒగాతా కోరిన్ 1700ల మొదట్లో వేసిన కకిత్సుబాతా (ఐరిస్ పూల) తెరలవి. రెండు తెరలు, ఒక్కోదానికి ఆరు మడతలు. నేల లేదు, నీళ్ళు లేవు, అంతా బంగారు రేకు, దాని మీద ముదురు నీలం పూలు, పచ్చటి ఆకులు. దగ్గరికెళ్ళి చూస్తే కొన్ని గుత్తులు చీర అంచులో అచ్చు వేసినట్టు మళ్ళీ మళ్ళీ వస్తాయి. కోరిన్‌ది క్యోటోలో బట్టల వ్యాపారం చేసిన కుటుంబమే మరి.

ఈ పూల వెనక కథేమో ఇసే మోనోగతారి అనే పాత జపనీస్ కథల పుస్తకంలోది. రాజధాని వదిలి తూర్పుకు పోయేవాళ్ళు యాత్సుహాషి (ఎనిమిది వంతెనలు) అనే చోట ఆగి ఎండు అన్నం తింటుంటే, ఒకడు ఈ పూలు చూపించి, కకిత్సుబాతా అన్న పేరులోని ఐదు అక్షరాలతో ఐదు పాదాలు మొదలుపెట్టి పద్యం చెప్పమంటాడు (మన అవధానంలో దత్తపదికి చుట్టమే). కట్టి కట్టి ఒంటికి అలవాటైన బట్టలాంటి భార్యను వదిలి ఎంత దూరం వచ్చానో అని వాళ్ళలోని కవి నరిహిరా చెప్పగానే అందరూ ఏడ్చారట, ఆ కన్నీళ్ళకు అన్నం నానిపోయిందట. తెర మీద మనుషులు లేరు, వంతెన లేదు, పద్యం అసలే లేదు. హైస్కూల్లో ఆ పాఠం చదివిన మా పిల్ల మాత్రం పూలు చూడగానే గడగడా చెప్పేసింది.

వేమన పద్యం అప్పజెప్పితేగానీ ఫోన్ ఇవ్వనని మొండికేసిన తండ్రిని నేను. అర్థం తర్వాత, ముందు నోటికి రానివ్వండి అని తోటి తల్లిదండ్రులకు సలహాలు కూడా ఇచ్చాను. మా పిల్లకు మకుటం తప్ప ఏదీ నిలవలేదు. పైగా మా వాళ్ళతో వీడియో కాల్‌లో ఇది పాత జపనీస్ పద్యాలు చదువుతుందని గొప్పలు పోయేది కూడా నేనే!

పువ్వు చూస్తే పద్యం గుర్తుకు రావడమంటే నాకు పోతన మందార మకరందమే. ఈసారి అది నేర్పుదామనుకున్నాను. కానీ ఒకచోట తేనె మరిగిన తుమ్మెద ఇంకోచోటికి పోతుందా అని ప్రహ్లాదుడు పెద్దవాళ్ళ మాట కాదన్న పద్యం అది. నేర్చుకుంటే ముందు నా మీదే ప్రయోగిస్తుంది.