లాండుడ్నోలో అయిదు రోజులు: మా కోచ్ యాత్ర అనుభవం

పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారిని కనుక లెక్కతోనే మొదలుపెడతాను. కార్తీక మాసంలో మా తెనాలి నుంచి ఆర్టీసీ ప్రత్యేక బస్సెక్కి అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట ఒకే రోజున దర్శించుకుని వచ్చినవాళ్లం మేము. గత జూన్ మొదటి వారంలో ఇంగ్లండులో మా అబ్బాయి ఉండే కొవెంట్రీ నుంచి వేల్స్ ఉత్తర తీరానికి చేసిన ప్రయాణంలో మాత్రం బస చేసిన ఊరు లాండుడ్నో ఒక్కటే, రోజులు అయిదు. అక్కడ ఊళ్లో తిరిగేదాన్ని బస్సు అని, దూరం వెళ్లేదాన్ని కోచ్ అని అంటారు. సోమవారం ఉదయం ఇంటి దగ్గర్లో ఎక్కించుకుని, నాలుగు రాత్రులు సముద్రపు ఒడ్డున హోటల్లో ఉంచి, రెండు పూటలా భోజనం పెట్టి, శుక్రవారం సాయంత్రానికి దింపేసే ఇలాంటి యాత్రలు ఆ దేశపు పెద్దవాళ్లకు ఎన్నో ఏళ్లుగా అలవాటు.

మా అబ్బాయికి సెలవు దొరకలేదు, కోడలికి ఆసుపత్రి డ్యూటీలు, మనవలకు బడి. "మీరిద్దరే వెళ్లిరండి నాన్నా" అని వాడు అన్నప్పుడు మా ఆవిడ ముందు ఒప్పుకోలేదు. వేల్స్ వేరే దేశం కదా, మళ్లీ వీసా కావాలేమో అని ఆమె సందేహం. వేల్స్‌కు తన భాష, తన జెండా ఉన్నా, ఉన్నది బ్రిటన్‌లోనే కనుక మా సందర్శక వీసాయే చాలింది. దారిలో సరిహద్దు తనిఖీ అన్నమాటే లేదు. బీమా విషయం మాత్రం కాస్త చూసుకోవలసి వచ్చింది. కోచ్ సంస్థ అమ్మే బీమా ఆ దేశంలో నివాసం ఉన్నవారికే వర్తిస్తుందట. మేము హైదరాబాదులో విమానం ఎక్కే ముందు తీసుకున్న బీమా పత్రాన్ని అబ్బాయి పూర్తిగా చదివి, మా ఆవిడ మోకాళ్ల నొప్పి, నా బీపీ అందులో రాసి ఉన్నాయని తేల్చుకున్న తరువాతే బయానా కట్టాడు. 2020 మే నెలలో, కరోనా కాలంలో, ఈ రంగంలోని ఒక పెద్ద సంస్థే మూతపడినందువల్ల, కట్టిన డబ్బుకు రక్షణ ఉందని కాగితం మీద చూపించమని కూడా వాడు అడిగాడు. చట్టప్రకారం అది చూపించవలసినదే కనుక వాళ్లు వెంటనే పంపారు.

ఇలాంటి యాత్రకు వెళ్లదలచిన మనవాళ్లకు నేను గట్టిగా చెప్పేది హోటల్ గురించే. ఆ తీరపు హోటళ్లు చాలావరకు విక్టోరియా రాణి కాలపు కట్టడాలు. లిఫ్టు ఉందన్నా, లిఫ్టు దిగాక గదికి చేరడానికి మరో అయిదారు మెట్లు ఉండవచ్చు. "లిఫ్టు నుంచి గది దాకా మెట్లు లేని గది" అని ఆ మాటల్లోనే రాయించుకున్నాము కనుక బతికిపోయాము. కోచ్‌లో సీట్లు ముందు కట్టినవారికి ముందు వరుసల్లో ఇస్తారు. మాకు తొమ్మిదో వరుస దొరికింది.

సోమవారం పొద్దున్న ఏడుంబావుకు చిన్న బస్సు వచ్చింది. అది మమ్మల్ని నేరుగా తీసుకువెళ్లలేదు. ఒక పెద్ద ఆవరణలో దించింది. అక్కడ పదిహేను కోచ్‌ల దాకా నిలిచి ఉన్నాయి, ఒకటి స్కార్‌బరోకు, ఒకటి ఈస్ట్‌బోర్న్‌కు, ఒకటి టార్కీకి. పెట్టెలను సిబ్బందే చీటీలు చూసి ఈ కోచ్ నుంచి ఆ కోచ్‌కు మారుస్తారు, మనం లోపల కూర్చుని టీ తాగవచ్చు. మా ఆవిడ టీ తాగలేదు. మాగాయ, కందిపొడి ఉన్న పెట్టె టార్కీకి పోతే ఏం చేస్తామని, అది మా కోచ్ కడుపులోకి ఎక్కేదాకా కిటికీ దగ్గరే నిలబడింది.

దారిలో రెండుసార్లు ఆపారు. నాలుగున్నర గంటలు నడిపిన డ్రైవరు ముప్పావు గంట విశ్రాంతి తీసుకోవలసిందేనని అక్కడి చట్టం. మా కార్తీక యాత్రలో రాత్రంతా నడిపి తెల్లవారి కాలువలో ముఖం కడుక్కుని మళ్లీ స్టీరింగ్ పట్టిన డ్రైవరు నాకు గుర్తుకొచ్చి, కొంచెం సిగ్గు కూడా వేసింది. వేల్స్‌లోకి వచ్చాక రోడ్డు మీద ఇంగ్లీషు మాట పక్కన "అరావ్" అని తెల్లని అక్షరాలు కనబడసాగాయి. వెల్ష్ భాషలో అది "నెమ్మదిగా" అన్న మాట అని డ్రైవరు మైకులో చెప్పాడు. కాసేపటికి కుడివైపున సముద్రం కనబడింది.

లాండుడ్నో అన్న పేరులో మొదటి అక్షరం మనం పలికే "ల" కాదు. నాలుకను "ల" దగ్గర పెట్టి "హ" అని గాలి వదలాలి. "లాన్" అంటే చర్చి ఉన్న చోటు, టుడ్నో ఆరో శతాబ్దపు సాధువు. మనకు గుడివాడ ఉన్నట్టే అన్నమాట. పందొమ్మిదో శతాబ్దపు నడుమ అక్కడి మోస్టిన్ జమీందారీ వారు ఒక పథకం ప్రకారం ఈ ఊరిని కట్టించారు కనుక, నెలవంకలాంటి తీరం వెంట హోటళ్లన్నీ ఒకే వరుసలో, ఒకే ఎత్తులో, లేత రంగులతో నిలిచి ఉంటాయి. రెండు చివర్లా గ్రేట్ ఆర్మ్, లిటిల్ ఆర్మ్ అనే రెండు సున్నపురాతి కొండలు.

మొదటి రాత్రి భోజనం దగ్గరే చిక్కు వచ్చింది. శాకాహారం అని ముందే రాశాము, కాని ఆ మాట వంటగదికి చేరలేదు. చేరినా ఫలితం అంతేనేమో, ఎందుకంటే అక్కడ శాకాహారంలో గుడ్డు ఉంటుంది. మా ఆవిడ ముందు పెట్టినది గుడ్డుతో చేసిన కీష్. ఆమె దాన్ని పక్కకు జరిపి రొట్టె తిన్నది. మర్నాడు నేను వంటగది పెద్దను కలిసి, మాంసం, చేప, గుడ్డు, జెలటిన్ నాలుగూ వద్దని కాగితం మీద రాసి ఇచ్చాను. జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే ఈ జెలటిన్ సంగతి కోడలు చెప్పి పంపింది, లేకుంటే వాళ్ల జెల్లీలు హాయిగా తినేసేవాళ్లం. ఆయన నొచ్చుకుని ఆ రాత్రి నుంచి రోజూ ఒక గిన్నెడు ఉత్త అన్నం పంపించాడు. కందిపొడికి అంతకంటే ఏం కావాలి?

మంగళవారం ఊరికే వదిలేశారు. పొద్దున్న తొమ్మిదింటికి నేను సంచీ తగిలించుకుని సిద్ధంగా నిలబడితే, తక్కినవాళ్లు బల్లల మీద కూర్చుని సముద్రం చూస్తున్నారు. మా భోజనపు బల్ల దగ్గర మాతో కూర్చునే లివర్‌పూల్ పెద్దావిడ చిన్నతనం నుంచీ ఇక్కడికే వస్తోందట. ఏం చూడాలని అడిగితే పక్కన చోటు చూపించింది. నేను ఆగలేక ట్రామ్ ఎక్కుదామన్నాను. 1902లో మొదలైన ఆ ట్రామ్‌ను ఇంజిను లాగదు. వీధి కిందుగా సాగే తీగ లాగుతుంది. రెండు పెట్టెలు ఒకే తీగకు కట్టి ఉంటాయి, ఒకటి దిగుతుంటే ఆ బరువు రెండోదాన్ని ఎక్కించడానికి సాయపడుతుంది, నడుమ ఒకచోట రెండూ పక్కపక్కగా తప్పుకుంటాయి. పిల్లలకు కప్పీ పాఠం చెప్పడానికి ఇంతకంటే మంచి పరికరం ఉండదు. సగం దారిలో ట్రామ్ మారి, 207 మీటర్ల ఎత్తున దిగాము. గాలికి మా ఆవిడ శాలువా నిలవలేదు. ఆ కొండ లోపల కంచుయుగపు రాగి గనులు ఉన్నాయి, కొండ మీద కశ్మీరీ మేకలు తిరుగుతాయి. 2020 లాక్‌డౌన్‌లో ఊళ్లోకి దిగి పూలమొక్కలు తిన్నవి ఇవే.

గురువారం ఆంగ్లెసీ ద్వీపానికి తీసుకువెళ్లారు. వంతెన దాటుతుంటే కుడివైపున టెల్‌ఫోర్డ్ కట్టిన, 1826 నాటి వేలాడే వంతెన కనిపించింది. అవతలి ఒడ్డున 58 అక్షరాల పేరున్న ఊరి స్టేషన్ దగ్గర అందరూ ఫోటోలు తీసుకున్నారు. యాత్రికులను రప్పించడానికి పందొమ్మిదో శతాబ్దంలో కావాలని పొడిగించిన పేరు అది. నా మనసు మాత్రం వేరేచోట ఉంది. వృత్త పరిధికీ వ్యాసానికీ ఉన్న నిష్పత్తికి 1706లో "పై" అనే గుర్తు వాడిన విలియం జోన్స్ పుట్టింది ఈ ద్వీపంలోనే. కలకత్తాలో 1784లో ఏషియాటిక్ సొసైటీ స్థాపించిన సర్ విలియం జోన్స్ ఆయన కొడుకే. ముప్పై ఏళ్లు బోర్డు మీద ఆ గుర్తు గీశాను. ఎవరి ఊరికి వెళ్లానో కోచ్‌లో పక్కవాళ్లకు చెబితే, మర్యాదగా విన్నారు.

రాత్రులు హోటల్లో బింగో ఆడించేవారు. నేను దూరంగా కూర్చున్నాను. మా ఆవిడ టికెట్ చూసి, "ఏమండీ, ఇది మన తంబోలాయే కదా" అంది. నిజమే, 90 అంకెలు, టికెట్లో పదిహేను. 22 వస్తే రెండు చిన్న బాతులని పిలుస్తారు, 88 వస్తే ఇద్దరు లావుపాటి ఆడవాళ్లని. 2 అంకె బాతులా ఉంటుంది కనుక అని మా ఆవిడకు లివర్‌పూల్ ఆవిడ వివరించింది. మూడో రాత్రి మా ఆవిడ చెయ్యెత్తి "హౌస్" అన్నది. చాక్లెట్ డబ్బా వచ్చింది. ఆ డబ్బా మీద కావలసిన పదార్థాల జాబితా మొత్తం చదివి, జెలటిన్ లేదని నిర్ధారించుకుని, కోచ్ అంతటికీ పంచింది.

ఒక సాయంత్రం, సముద్రంలోకి పొడుగ్గా కట్టిన, 1877లో తెరిచిన పీర్ చివరిదాకా నడిచి, తిరిగి వచ్చి ఒడ్డున బల్ల మీద కూర్చున్నాము. రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు. సంచీ గదిలోనే వదిలేసి వచ్చానని అప్పుడు గమనించాను.

శుక్రవారం దిగేటప్పుడు డ్రైవరుకు కవరులో కొంత డబ్బు పెట్టి ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. అదే పెద్ద ఆవరణలో మళ్లీ పెట్టెలు మారాయి. ఈసారి మా ఆవిడ కిటికీ దగ్గర నిలబడలేదు, లివర్‌పూల్ ఆవిడతో కూర్చుని టీ తాగింది. ఇంటికి చేరాక అబ్బాయి ఏమేం చూశారని అడిగితే నేను ట్రామ్ గురించి మొదలుపెట్టాను. ఆమె లోపలికి వెళ్లి పెట్టె తెరిచి, మాగాయ సీసా సగం మిగిలిందని చెప్పింది.